అరువు అక్షరాలు

హోసూరు నుంచి కృష్ణగిరి దాకా హైవే పొడుగునా ఉన్న కల్యాణ మండపాలనూ, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలనూ, డ్రైవింగ్ స్కూళ్ళనూ ఎప్పుడైనా ఇంటర్నెట్‌లో వెతికి చూడండి. అన్నీ ఒక తల్లి పిల్లల్లా కనిపిస్తాయి. పైన పెద్ద ఫొటో, దాని మీద ముద్దుగా గుండ్రటి అక్షరాలు, అడుగున ఫోన్ నంబరు. ఆ తల్లి మత్తిగిరిలో, పశువుల ఫారానికి దగ్గర్లో ఒక మేడమీది ఇంట్లో ఉంటుంది. పేరు భువన.

భువన తండ్రి కల్లావిలో వడ్రంగి. ఇంట్లో మాట్లాడుకునేది తెలుగు, బడిలో చదివింది తమిళం. ఈ వైపు అది వింతేమీ కాదు. తెలుగులో తిట్టుకుని, తెలుగులో ఏడ్చి, తమిళంలో సంతకం పెట్టే ఇళ్ళు ఇక్కడ వీధికి పది ఉంటాయి. కృష్ణగిరిలో కంప్యూటర్ డిప్లొమా చేసి, భువన హోసూరులో మోహన్‌రాజ్ ఆఫీసులో పనికి చేరింది. తర్వాత ఫోర్క్‌లిఫ్ట్ నడిపే తిలక్‌ను పెళ్ళి చేసుకుంది. పాప పుట్టాక ఆఫీసు మానేసి, వంటింటి గడప పక్కన కంప్యూటర్ పెట్టుకుని సొంతంగా వెబ్‌సైట్లు కట్టడం మొదలుపెట్టింది.

మోహన్‌రాజ్ ఆఫీసు గురించి ఒక మాట చెప్పాలి. అక్కడ ఏ పేజీనీ మొదటి నుంచి రాయరు. ఎన్నో ఏళ్ళ కింద మోహన్‌రాజ్ తన చేత్తో రాసిన పేజీ ఒకటుంది. దాని పైభాగాన్ని అంతా ‘తలకాయ’ అంటారు. కొత్త పని రాగానే తలకాయను తెచ్చి అతికించి, కింద ఒళ్ళు మాత్రం మారుస్తారు. కొత్తగా చేరిన పిల్లలను మోహన్‌రాజ్ అడిగే మొదటి ప్రశ్న, ‘తలకాయ పెట్టినావా?’ అనే. ఆ తలకాయలో ఒక వరుస ఉంది. పేజీ తెరిచినవాళ్ళ ఫోనుకు తమిళం, తెలుగు, కన్నడం, హిందీ, ఒడియా అక్షరాలు అందంగా కనబడటానికి కావలసిన ఫాంట్లను మోహన్‌రాజ్ ఆఫీసు సర్వర్ నుంచి తెచ్చిపెట్టమని చెప్పే వరుస అది. ఆఫీసు మానేసినవాళ్ళందరూ తలకాయను వెంట పట్టుకెళ్ళారు. భువన కూడా పట్టుకెళ్ళింది. ఎవరూ అడ్డు చెప్పలేదు. ఊరికే వచ్చే అక్షరాలు ఎవరికి చేదు?

మోహన్‌రాజ్ చెడ్డవాడు కాదు. చెడ్డవాడై ఉంటే నాలుగు తిట్లు తిట్టి చేతులు దులుపుకునేవాళ్ళం, ఈ సంగతి ఇంతగా గుచ్చుకునేది కాదు. వెబ్‌సైట్లతో పాటు ఫ్యాక్టరీలకు కెమెరాలు బిగిస్తాడు, హాస్టళ్ళకు వైఫై లైన్లు వేస్తాడు. ఎవరు పిలిచినా పలుకుతాడు. అదే అతని వ్యాపారం.

ఇక జయలక్ష్మమ్మ. తెలుగు టీచరుగా చేసి రిటైరైన మనిషి. ఊరికే కూర్చోలేక హోసూరులో ఆడవాళ్ళ సంఘం ఒకటి పెట్టింది. ఫ్యాక్టరీ హాస్టళ్ళలో ఉండే ఆడపిల్లల కష్టసుఖాలు విని, మేనేజర్లతో మాట్లాడి, అవసరమైతే పోలీసు స్టేషన్ మెట్లెక్కేది. ముప్పై ఏళ్ళు దాటిన భువనకు అఆలు దిద్దించింది కూడా ఆవిడే. పాపకు నేర్పిస్తుంటే పక్కన కూర్చున్న తల్లికి వచ్చేసింది. తెలుగులో ఒక బోర్డు సొంతంగా చదివిన రోజున భువన ఇంటికొచ్చి మొగుడికి ఆ సంగతి పండగలా చెప్పింది.

ఒకనాడు జయలక్ష్మమ్మ భువన ఇంటికి వచ్చి కూర్చుంది.

“భువనా, హాస్టల్ పిల్లోళ్ళు నా ముందరికి రాలేకుండా ఉండారు. సంఘం ఆఫీసు మెట్లు ఎక్కితే చాలు, ఎవురో ఒకరు చూసి ఫ్యాక్టరీలో చెప్పేస్తారంట. ఫోన్లోనే చెప్పుకునేట్ల ఏమన్నా చెయ్యగలవా? పేరు మాత్రం ఎవురికీ తెలియకూడదు.”

“చేస్తానమ్మా. ఎవురు రాసినారో మీకూ తెలియదు, నాకూ తెలియదు. ఆ మాదిరి చేస్తా.”

చేసింది. కల్యాణ మండపాలకు చేసినట్టు కాదు, ప్రాణం పెట్టి చేసింది. పేరు అడగలేదు, ఫోన్ నంబరు అడగలేదు, ఊరు అడగలేదు. రాసిన మాట తాళం పడి జయలక్ష్మమ్మకు ఒక్కతెకే చేరేలా ఏర్పాటు చేసింది. ఎంతమంది వచ్చారో లెక్కపెట్టే సదుపాయాన్ని కూడా తీసి పారేసింది. పేజీ నెత్తిన పెద్ద అక్షరాలతో రాసింది: ‘మీరెవరో మాకు తెలియదు. ఇంకెవరికీ తెలియదు.’ ఇందులో మొదటి మాట నిజం. రెండోది నిజమని ఆమె మనసారా నమ్మింది.

తమిళం, హిందీ, ఒడియా, కన్నడం అయ్యాక భువన తెలుగు సంగతి ఎత్తింది.

“తెలుగు ఎవురు చదువుతారమ్మా ఈడ?” అంది జయలక్ష్మమ్మ. జీవితమంతా తెలుగు చెప్పిన మనిషి నోటి నుంచి ఆ మాట వినడం భువనకు కష్టమనిపించింది.

“ఒక్కరు చదివినా చాలమ్మా. మీరు రాసియ్యండి, నేను పెడతా” అని పట్టుబట్టింది.

జయలక్ష్మమ్మ రాసిచ్చింది. భువన తలకాయ తెచ్చి పెట్టింది, ఎప్పటిలాగే.

కొన్నాళ్ళకు ఆ పేజీకి తెలుగులో ఒక మాట వచ్చింది. బండ్లకు వైర్లు కట్టలు కట్టే ఫ్యాక్టరీ ఒకటుంది, దాని హాస్టల్లోని అమ్మాయి రాసింది. లైన్ సూపర్‌వైజర్ చేసే పాడు పనులు, వెనక నిలబడి ఒళ్ళు తాకడం, కాదంటే లీవు ఇవ్వకపోవడం, స్టోరు గదికి ఒంటరిగా రమ్మనడం, అన్నీ పూసగుచ్చినట్టు రాసింది. ఈ పని పోతే ఇంటికి వెళ్ళి పడి ఉండాల్సిందేననీ, నాన్న మళ్ళీ గడప దాటనివ్వడనీ, తన పేరు మాత్రం బయటికి రాకూడదనీ చివర్లో రాసింది. జయలక్ష్మమ్మ ఫ్యాక్టరీకి తమిళంలో ఉత్తరం పంపింది. మీ హాస్టల్లోని ఒక అమ్మాయి అంది, అంతే. ఏ భాషలో చెప్పుకుందో కూడా ఎక్కడా తెలియనివ్వలేదు. ఇద్దరాడవాళ్ళూ అంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడిచారు.

అయినా వారం తిరక్కుండా ఆ పిల్ల తండ్రిని పిలిపించారు. హాస్టల్ రూల్సు పాటించడం లేదన్నారు. పెట్టె చేతికిచ్చి పంపేశారు. సూపర్‌వైజర్ అదే లైన్ మీద అదే టీ తాగుతూ ఉన్నాడు. కబురు తెచ్చిన హాస్టల్ పిల్ల, పంపేసిన అమ్మాయి పేరు శోభన అని చెప్పింది. ఆ పేరు జయలక్ష్మమ్మ వినడం అదే మొదటిసారి.

ఆవిడ నేరుగా భువన ఇంటికి వచ్చింది. కూర్చోలేదు.

“భువనా, నిజం చెప్పు. ఎవురికన్నా చూపించినావా? తిలక్‌కు గానీ, ఇంగెవురికన్నా గానీ?”

“నా బిడ్డ మీద ఒట్టమ్మా. నేనే చదవలేదు దాన్ని. తాళం పడినాక చదివేకి కూడా కాదు నాకు.”

“మరి ఆ యమ్మి పేరు వాళ్ళకు ఎట్ల తెలిసింది?”

జయలక్ష్మమ్మ నమ్మిందో లేదో తెలియదు, చెప్పులు వేసుకుని దిగిపోయింది. భువనకు తల కొట్టేసినట్టయింది. కన్నతల్లి అనుమానించినా అంత బాధ ఉండేది కాదేమో.

మర్నాడు పాపను బడిలో దింపి వచ్చి పేజీని ముందేసుకుని కూర్చుంది. తాళాలు చూసింది. తాళాలు గట్టిగానే ఉన్నాయి. ఎవరూ లోపలికి దూరిన ఆనవాలు లేదు. మధ్యాహ్నం అన్నం మరిచిపోయి పై నుంచి కింది దాకా ఒక్కో వరుసా చదువుకుంటూ వస్తే, తలకాయలో ఆ వరుస కనిపించింది. లెక్కలేనన్ని సార్లు అతికించిన వరుస. ఒక్కసారైనా చదివిన పాపాన పోలేదు.

సంగతి చాలా చిన్నది. ఒక పిల్ల తన ఫోన్లో పేజీ తెరిస్తే, ఆ ఫోను అక్షరాల కోసం మోహన్‌రాజ్ సర్వర్ దగ్గరికి వెళ్ళి అడుగుతుంది. అడిగేటప్పుడు తను ఏ ఇంటర్నెట్ లైన్ మీద నుంచి వచ్చిందో చెప్పాలి, లేకపోతే అక్షరాలు ఎక్కడికి పంపడం? ఎవరి పేజీ కోసమో కూడా చెబుతుంది. ఏ భాష నొక్కితే ఆ భాష అక్షరాలే అడుగుతుంది. ఇదంతా సర్వర్ తన పాటికి తను నోట్ చేసుకుంటుంది. ఎవరూ దొంగతనం చేయక్కర్లేదు, ఎవరూ తాళం పగలగొట్టక్కర్లేదు. ముందు తలుపుకు అన్ని తాళాలు వేసిన భువన, పెరటి తలుపు తన చేత్తోనే బార్లా తెరిచి పెట్టింది.

ఆ పూటే బాగలూరు రోడ్డులోని మోహన్‌రాజ్ ఆఫీసుకు వెళ్ళింది. అతను ఆప్యాయంగా కుర్చీ జరిపి, టీ చెప్పించాడు.

“అన్నా, మా సంఘం పేజీకి వచ్చినోళ్ళ గుర్తులు నీ సర్వర్లో ఉండాయా?”

“ఉంటాయి గదమ్మా. అక్షరాలు నా కాడ నుంచే గదా పోతా ఉండేది.”

“ఎవురికన్నా చెప్పినావా?”

మోహన్‌రాజ్ నీళ్ళు నమలలేదు. దాచాల్సిన సంగతి అని అతనికి తోచనే లేదు. “ఫ్యాక్టరీవాళ్ళు అడిగినారు. హాస్టల్ వైఫై వేసింది నేనే గదా. ఎవురో కంప్లయింట్ పెట్టినారంట, మా లైన్ మీద నుంచే పోయిందా చూడప్పా అన్నారు. చూసినాను. ఆ హాస్టల్ నుంచి మీ పేజీకి తెలుగు అక్షరాలు ఒక్కసారి పోయినాయి. ఆ మాటే చెప్పినాను. పేరు నేను చెప్పలేదమ్మా. నాకు తెలిస్తే గదా చెప్పేకి.”

భువన టీ గ్లాసు కింద పెట్టేసింది. సంఘంలో విన్న సంగతే, ఆ హాస్టల్ నిండా ఒడిశా పిల్లలు, ఝార్ఖండ్ పిల్లలు, తమిళ జిల్లాల పిల్లలు. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు నలుగురైదుగురు ఉన్నా వాళ్ళంతా భువన లాంటివాళ్ళే, చదివింది తమిళం. కుప్పం వైపు పిల్లలు కంపెనీ బస్సులో సాయంత్రానికి ఇళ్ళకు వెళ్ళిపోతారు. వేపనపల్లి పక్కన పల్లెలో తెలుగు బడికి పోయి, తెలుగులో చదివి పాసైన పిల్ల హాస్టల్లో ఒకే ఒక్కతె, శోభన.

“తెలుగు చదివే పిల్ల ఆడ ఒకతే ఉండాదని తెలీలేదా అన్నా నీకు?”

“నాకెట్ల తెలుస్తుందమ్మా? నాకే తెలుగు చదివేకి రాదు.”

అది నిజమే కదా. భువనకు అతని మీద కోపం వచ్చింది, అంతకు రెండింతలు తన మీద తనకు వచ్చింది.

“అట్లంటే మాత్రం, అడిగినోళ్ళకంతా చెప్పేస్తారా అన్నా?”

మోహన్‌రాజ్ మొహం కొంచెం ముడుచుకుంది. “చూడమ్మా, నేనేమన్నా నీ పేజీలోకి దూరి చూసినానా? నీ పేజీనే వచ్చి నా తలుపు కొట్టింది. కొట్టమని రాసింది నువ్వు. ఇన్నేండ్లు వాడుకుంటివి, ఒక్కసారన్నా అడిగితివా, అన్నా, నీ కాడ ఏమి మిగులుతా ఉండాదని?” అని, ఆమె కళ్ళ నిండా నీళ్ళు చూసి మెత్తబడ్డాడు. “ఏడ్వద్దు తల్లీ. ఇంగ ఎవురికీ కనపడకుండా చేస్తాలే.” ఆమె వద్దనే లోపల కంప్యూటర్ తన వైపు తిప్పుకుని, ఆ సంఘం పేజీ తాలూకు గుర్తులన్నీ తుడిచేశాడు. దయతోనే తుడిచాడు.

కృష్ణగిరిలో కేశవప్ప అనే వకీలు ఉన్నాడు, జయలక్ష్మమ్మ దగ్గర చదువుకున్నవాడు. భువన, జయలక్ష్మమ్మ కలిసి బస్సులో వెళ్ళారు. జయలక్ష్మమ్మకు అప్పటికి సంగతంతా తెలుసు. క్షమించానని అనలేదు, తప్పు పట్టానని కూడా అనలేదు.

కేశవప్ప ఓపికగా విన్నాడు.

“ఆ సర్వర్లో గుర్తులు ఉండాయి గదా?”

“తుడిచేసినాడు సార్, నా కళ్ళ ముందరే.”

వకీలు పెన్ను కింద పెట్టేశాడు. “సరే. నెట్లో జనాల వివరాలు కాపాడేకి చట్టమైతే వచ్చింది. అంతా అమల్లోకి వచ్చేకి ఇంగా టైం ఉండాది. వచ్చినా కూడా మొదట అడిగేది మిమ్మల్నే. పేజీ పెట్టింది మీరు. వచ్చినోళ్ళ గుట్టు ఇంకొకరి చేతికి పోకుండా చూసుకునే పూచీ మీది. ఏదన్నా బయట నుంచి తెచ్చుకుంటే, వాళ్ళకు ఏమి పోతుందో ముందే విచారించుకోవాల, వచ్చేవాళ్ళకు చెప్పాల. మీరేమని రాసినారమ్మా పేజీలో?”

“ఇంకెవరికీ తెలియదు అని రాసినాను సార్.”

“మీ ఉద్దేశం మంచిదే. కానీ ఆ మాట నిలబెట్టుకోవాల్సింది ఆ సర్వర్ ఆయప్ప కాదు, మీరు.”

“మా మీదనే పెట్టు కేసు” అంది జయలక్ష్మమ్మ. “తప్పు మాదే అని రాసిస్తాం. ఆ పిల్లకు పని ఇప్పించు చాలు.”

“టీచరమ్మా, అది నేను ఇప్పించలేను. వాళ్ళు కంప్లయింట్ ఇచ్చిందని పంపలేదు గదా, రూల్సు అని పంపినారు. పోనీ ఏదన్నా చెయ్యాలంటే ఆ పిల్లే రావాల. తన పేరు రాసి, ఊరు రాసి, నాకు ఇట్ల జరిగింది అని సంతకం పెట్టాల. కాపీ ఫ్యాక్టరీకి పోతుంది.”

పేరు బయటపడిందని చెప్పుకోవడానికి పేరు బయటపెట్టాలి. ఇద్దరూ లేచి బయటికి వచ్చారు. బస్టాండులో జయలక్ష్మమ్మ సోడా కొనిచ్చింది. భువన తాగలేకపోయింది.

ఆ తర్వాత భువన చేయగలిగింది చేసింది. సంఘం పేజీ నుంచి ఆ వరుస పీకేసి, అక్షరాలన్నీ తన పేజీ ఉన్న చోటే పెట్టింది. ఆ పని పూటలో అయిపోయింది. అంత సులువైన పని అని తెలిసినప్పుడు ఆమెకు కలిగిన దుఃఖం ఇంతా అంతా కాదు. మిగిలిన సైట్లు కూడా మారుస్తానని మండపాలవాళ్ళకు ఫోన్లు చేసింది. “అక్షరాలు బాగానే కనపడతా ఉండాయి గదమ్మా, ఏంటికి మార్చేది?” అన్నారు. విడమరిచి చెబితే, తమ మండపానికి వచ్చేవాళ్ళ గుట్టు ఎవరికి కావాలని నవ్వారు. సంఘం పేజీకి మాత్రం మళ్ళీ ఎవరూ రాలేదు. అందులో రాసిన పిల్లను ఇంటికి పంపేశారని హాస్టల్ హాస్టల్‌కూ పాకిపోయింది. ఏ సూపర్‌వైజరూ చేయలేని పనిని ఆ పేజీ చేసి పెట్టింది. ఆడపిల్లల నోళ్ళు గట్టిగా మూతపడ్డాయి.

చివరికి ఒక ఆదివారం భువన వేపనపల్లి బస్సెక్కింది. శోభనకు ఎవరో ఒకరు నిజం చెప్పాలి. జయలక్ష్మమ్మ వస్తానంది కానీ, మోకాళ్ళ నొప్పితో ఆగిపోయింది.

శోభన తల్లి మారెమ్మ వాకిట్లోనే ఎదురై, ఎవరు, ఏ ఊరు, ఏం పని అని నిలదీసింది. తెలుగు టీచరమ్మ పంపిందంటే కాస్త తగ్గి, తోటలో ఉందని చేయి చూపించింది. “మీతో యాడికీ పిలుచుకొని పోవద్దమ్మా. వాళ్ళ నాయన ఇంగ పంపేది లేదన్నాడు. ఫోను కూడా పెరికేసుకున్నాడు” అని వెనక నుంచి కేకేసింది.

టమాటా తోటలో శోభన తీగలకు దారం కడుతోంది. సన్నగా, పొడుగ్గా ఉంది. భువన తను ఎవరో చెప్పింది. ఆ పేజీ తనే చేశానని చెప్పింది. పిల్ల మొహంలో ఏ కోపమూ కనిపించలేదు. అది చూసి భువనకు ఇంకా భయమేసింది.

“ఎవురు చెప్పినారక్కా నా పేరు?” అని అడిగింది శోభన. “నా పక్క మంచం పిల్ల అనుకున్నా. వచ్చేటప్పుడు ఆ యమ్మిని నోటికొచ్చినట్ల తిట్టి వచ్చినాను.”

“ఎవురూ చెప్పలేదు” అంది భువన. అని, గట్టు మీద కూర్చుని, ఒకటీ దాచకుండా చెప్పింది. తలకాయ గురించి, అరువు తెచ్చుకున్న అక్షరాల గురించి, హాస్టల్ నుంచి ఒక్కసారే పోయిన తెలుగు గురించి. శోభన చురుకైన పిల్ల, మధ్యలో అడ్డు పడకుండా వింది. అర్థం చేసుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు.

“అంటే, తమిళం నొక్కింటే?”

“తెలిసుండదు. తమిళం చదివేవాళ్ళు ఆడ ఎంతమందో.”

శోభన చేతిలోని దారాన్ని వేలికి చుట్టుకుంది.

“నాకు తమిళం బాగా వస్తుందక్కా. హాస్టల్లో అందరికీ లీవు లెటర్లు తమిళంలో నేనే రాసిచ్చేదాన్ని. దాంట్లోనే రాద్దామని తెరిచినాను. తెలుగు కనిపించింది. యాడా ఉండదు గదా మనది. మనోళ్ళు ఎవురో పెట్టినారు, మనోళ్ళకైతే చెప్పుకోవచ్చు అనిపించింది. అందుకే అది నొక్కినాను.”

భువన క్షమించమని అడగడానికే వచ్చింది. “ఇప్పుడు అక్షరాలు మన కాడనే పెట్టినాను. ఇంగ భయం లేదు” అని మాత్రం అనగలిగింది.

“ముందరా భయం లేదనే గదక్కా అంటిరి.” శోభన ఎత్తిపొడుపుగా అనలేదు, జరిగింది జరిగినట్టు చెప్పింది. “ఆ తెలుగు ఇంగా ఉండాదా దాంట్లో?”

“ఉండాది.”

“తీసెయ్యండక్కా. ఇంకో పిల్ల చూసి సంతోషపడి నొక్కుతుంది.”

అని, లేచి పక్క సాలులోకి వెళ్ళి తీగలు కట్టుకోవడం మొదలుపెట్టింది. భువన సాయంత్రం బస్సుకు మత్తిగిరి చేరి, కాళ్ళు కడుక్కుని, పేజీ తెరిచి తెలుగు తీసేసింది. ఎందుకు తీశావని జయలక్ష్మమ్మ అడగలేదు.